గోలీల పొట్లం, వెండి మొలతాడు: బచ్చన్నపేట నుంచి దూరదేశాల దారి

జనగామ జిల్లా బచ్చన్నపేట మండలం నుంచి విదేశాలకు బయలుదేరేవారిని స్థూలంగా రెండు తెగలుగా చూడవచ్చు. గల్ఫ్ దేశాల్లో కూలిపనికో, డ్రైవరు కొలువుకో, భవన నిర్మాణానికో పోయే పడుచువాళ్లు ఒక తెగ కాగా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన కొడుకును చూడటానికో, కూతురి పురుడు పోయడానికో వెళ్లే తల్లిదండ్రులు రెండో తెగ. ఎక్కే విమానాలు వేరైనా ఇద్దరి దారీ చాలా దూరం ఒకటే. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉండిన ఈ మెట్ట ప్రాంతం నుంచి ముందుగా జనగామకు చేరి, అక్కడ 163వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ దాటి, ఘట్‌కేసర్ దగ్గర హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే, 2008 మార్చిలో బేగంపేటకు బదులుగా మొదలైన శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. పడమటి దేశాలకు పోయే విమానాల్లో చాలావరకు నడిరాత్రి దాటాక, తెల్లవారకముందే కదులుతాయి; మూడు గంటల ముందే చేరుకోవాలంటారు కనుక ఊళ్లో పొద్దుగూకకముందే బండి ఎక్కాలి. అన్నం వేళ, గోలీ వేళ, నిద్ర వేళ మూడూ ఆ సాయంత్రమే తప్పుతాయి. షుగరు ఉన్న మనిషికి కష్టం విమానంలో కాదు, ఊరి పొలిమేరలోనే మొదలవుతుందని గ్రహించినవారు తక్కువ.

దూరప్రయాణికుడి ఒంటిని తనిఖీ చేయడం విమానాలతో పుట్టిన పద్ధతి కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు తలెత్తినప్పుడు, మరుసటి ఏడాది వచ్చిన అంటువ్యాధుల చట్టం అండతో, బ్రిటిష్ ఇండియాలోని రైల్వే స్టేషన్లలో ప్రయాణికులను దింపి, వరుసగా నిలబెట్టి, చంకలూ గజ్జలూ తడిమి గడ్డల కోసం వెదికేవారు. ఆ తనిఖీ బరువంతా ప్రధానంగా మూడో తరగతి ప్రయాణికుల మీదే పడింది. జబ్బుతో ఉన్నవాళ్లను ఇంటివాళ్లు దాచిపెట్టడం, పరీక్ష జరిగే స్టేషనుకు ముందే దిగి కాలినడకన పోవడం అప్పటి అధికారుల తలనొప్పులు. తనిఖీ ఎంత కఠినమైతే జబ్బును దాచే నేర్పు అంత పెరుగుతుందన్న సంగతి నూట పాతికేళ్ల కిందటే తేలిపోయింది. అయినా తనిఖీ అన్నీ పట్టేస్తుందన్న నమ్మకం పోలేదు. 2020 మార్చి 2న తెలంగాణలో నమోదైన తొలి కోవిడ్ రోగి దుబాయి నుంచి బెంగళూరులో విమానం దిగి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు బస్సులో వచ్చాడు. విమానాశ్రయాల్లో వాడిన ఉష్ణోగ్రత యంత్రం ఒంటి వేడిని కొలుస్తుందే గాని, ఇంకా బయటపడని జబ్బును చూడలేదు.

నేటి విమానాశ్రయ భద్రత మాత్రం రోగాన్ని వెదకదు, ఆయుధాన్నీ పేలుడు పదార్థాన్నీ వెదుకుతుంది. అందులోని ఒక్కొక్క నిబంధన వెనుకా ఒక్కొక్క ఘోరం ఉంది. విమానాల భద్రతా ప్రమాణాలను నిర్ణయించే కేంద్ర సంస్థ బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ 1978లో ఒక చిన్న విభాగంగా మొదలై, 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం అట్లాంటిక్ మీద పేలి 329 మంది చనిపోయిన తరువాత, 1987లో స్వతంత్ర శాఖగా నిలబడింది. 1999 డిసెంబరులో విమానాన్ని కాందహార్‌కు మళ్లించిన హైజాక్ తరువాత, 2000 నుంచి విమానాశ్రయాల కాపలా ఒకదాని వెంట ఒకటిగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం, అంటే సీఐఎస్ఎఫ్, చేతికి వచ్చింది. 2001 డిసెంబరులో ఒకడు బూటులో పేలుడు పదార్థం పెట్టుకుని విమానమెక్కినందుకు అమెరికాలో కోట్లాది మంది చెప్పులు విప్పాల్సి వచ్చింది. 2006 ఆగస్టులో లండన్‌లో పానీయాల సీసాలతో విమానాలు పేల్చే కుట్ర బయటపడినందుకు చేతిసంచిలోని ద్రవాలు 100 మిల్లీలీటర్లకు కుదించుకున్నాయి. ఈ నిబంధనలన్నీ గట్టి ఒళ్లున్న దుర్మార్గుడిని ఊహించుకుని రాసినవి. రోగికి, ముసలివాళ్లకు, ఒంట్లో లోహపు ముక్క ఉన్నవాళ్లకు మినహాయింపులు తరువాత ఒక్కొక్కటిగా చేర్చారు గనుక, అవి అడిగినవారికే దొరుకుతాయి.

అడగడం ఎందుకు కష్టమో తెలియాలంటే గల్ఫ్ ప్రయాణికుడి దారిని కొంచెం ముందు నుంచి చూడాలి. వీసా రావాలంటే గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రంలో వైద్యపరీక్ష చేయించుకోవాలి. పాతవాళ్లు ‘గామ్కా’ అని పిలిచే ఈ ఏర్పాటు ఇప్పుడు ‘వాఫిద్’ పేరుతో నడుస్తోంది. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చూసి ‘ఫిట్’ అనో ‘అన్‌ఫిట్’ అనో తేలుస్తారు. ఎప్పుడో నయమైపోయిన క్షయ మచ్చ ఊపిరితిత్తిలో కనిపించినా అన్‌ఫిట్ ముద్ర పడే ప్రమాదం ఉంది. ఏజెంటుకు అప్పు తెచ్చి కట్టినవాడికి ఆ ఒక్క మాటతో ఇల్లు గుల్ల. అందుకే షుగరు, బీపీ, నడుము నొప్పి ఏదున్నా లేదని చెప్పడం అతడు ప్రయాణంలో నేర్చే మొదటి పాఠమవుతుంది. అదే పాఠం విమానాశ్రయంలో అతడికి ఎదురు తిరుగుతుంది: లేదని చెప్పిన జబ్బుకు మందుచీటీ ఉండదు, చీటీ లేని మందు సంచిలో దొరికితే అది మందో మత్తుపదార్థమో తేల్చాల్సిన పని అధికారిది.

ఊళ్లో మందు దొరికే తీరు ఈ చిక్కును ఇంకా పెంచుతుంది. గ్రామాల్లో తొలి వైద్యుడు, డిగ్రీ లేకుండానే వైద్యం చేసే ఆర్ఎంపీ. అతడిచ్చే గోలీలు చాలాసార్లు అట్ట నుంచి కత్తిరించిన ముక్కలుగానో, కాగితపు పొట్లంలో కలిపి కట్టినవిగానో వస్తాయి. పేరు లేదు, తయారీ తేదీ లేదు, రాసిన డాక్టరు సంతకం లేదు. నడుము నొప్పికి ఇచ్చిన ఆ పొట్లంలో ట్రమడాల్ ఉండవచ్చు, దగ్గు మందులో కోడీన్ ఉండవచ్చు. నల్లమందు జాతికి చెందిన ఈ రెండూ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నియంత్రిత మందులు. అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ అనుమతి ముందుగా తీసుకోకుండా, మందుచీటీ లేకుండా వాటితో దిగడం నేరానికి దారితీస్తుంది. ‘మా బావకు ఇయ్యి’ అని పొరుగువాడు చేతిలో పెట్టిన మూట ఇంతకంటే ప్రమాదం, ఎందుకంటే సంచి ఎవరి పేరున ఉంటే లోపలి సరుకూ వారిదేనని చట్టం భావిస్తుంది. ఊరి మర్యాద కాదనలేనిది నిజమే. పరాయి దేశపు కస్టమ్స్ బల్ల దగ్గర ఆ మర్యాదకు విలువ లేదు.

వంటింటి సరుకుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. తెలంగాణ ఇళ్లలో కుడక అనే ఎండు కొబ్బరి పెళ్లికీ పండుగకూ తప్పనిది, పైగా చెడిపోదు కనుక దూరదేశం పంపడానికి అనువైనదని అందరూ అనుకుంటారు. అయితే ఎండు కొబ్బరిలో నూనె శాతం ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే స్వభావం ఉన్న వస్తువుల వర్గంలో అంతర్జాతీయ నిబంధనలు దాన్ని చేర్చాయి. 2022లో బ్యూరో ఆఫ్ సివిల్ ఏవియేషన్ సెక్యూరిటీ కూడా దాన్ని సామాను పెట్టెలో వేయకూడని వాటి జాబితాలో పెట్టింది. మసాలాలో పడే గసగసాలు గల్ఫ్‌లో కుడక కంటే పెద్ద ముప్పు, అవి నల్లమందు మొక్క గింజలు గనుక ఎమిరేట్స్, సౌదీ అరేబియాలలో నిషిద్ధం. మామిడికాయ తొక్కు మాత్రం గట్టిగా మూత బిగించి సామాను పెట్టెలో వేస్తే సాధారణంగా పోతుంది, చేతిసంచిలో పెడితే పోదు. సకినాలకు ఏ దేశంలోనూ శత్రువులు లేరు.

శంషాబాద్ చేరాక జరిగే మొదటి సంఘటన వైద్యపరంగా అన్నిటికంటే ముఖ్యమైనది, కానీ దాన్ని ఎవరూ అలా చూడరు. టికెట్టూ పాస్‌పోర్టూ చూపినవారినే సీఐఎస్ఎఫ్ సిబ్బంది లోపలికి పంపుతారు గనుక సాగనంపడానికి వచ్చిన బంధువులు తలుపు దగ్గరే ఆగిపోతారు. పెద్దమనిషికి ఏ గోలీ ఎప్పుడు వేయాలో, ఏ సూది ఏ సంచిలో ఉందో తెలిసిన కూతురో కోడలో ఆ తలుపు అవతల ఉండిపోతుంది. అక్కడి నుంచి విమానసంస్థ కౌంటరు, ఇమిగ్రేషన్, భద్రతా తనిఖీ అనే మూడు మజిలీలూ, జబ్బు గురించి సొంత మాటల్లో చెప్పడం అలవాటు లేని మనిషి ఒంటరిగా దాటాలి. తెలిసిన మనిషి ఆగిపోయే చోట ఆ తెలివిని ఒక కాగితం మీద మోసుకుపోవాలి: డాక్టరు రాసిన చీటీ, జబ్బు పేరు, మందుల అసలు పేర్లు, అన్నీ ఇంగ్లిషులో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే. ఊరి పిలుపు పేరుతో రాసిన చీటీ చీటీయే కాదు.

భద్రతా తనిఖీలో ముందుగా వచ్చేది తలుపు చట్రంలా నిలబెట్టిన లోహశోధక యంత్రం. అది లోహాన్ని గుర్తించగానే మోగుతుంది. ఆ లోహం కత్తి కావచ్చు, ముసలాయన నడుముకు చిన్ననాటి నుంచి ఉన్న వెండి మొలతాడు కావచ్చు, ఆమె కాలి మెట్టెలూ కడియాలూ కావచ్చు, మోకీలు మార్పిడిలో బిగించిన కృత్రిమ కీలు కావచ్చు. భారతదేశంలో యంత్రం మోగినా మోగకపోయినా చిన్న పీట మీద నిలబెట్టి, చేతులు చాపించి, చేతి యంత్రంతో ఒళ్లంతా వెదకడం రివాజు. స్త్రీలకు తెర చాటున మహిళా సిబ్బంది ఈ పని చేస్తారు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ పీట ఎక్కడమే ఒక పరీక్ష. ఎక్కలేమని చెప్పి నేల మీదే తనిఖీ చేయమని అడగడంలో తప్పు లేదు. గుండె లయను నియంత్రించే పేస్‌మేకర్ అమర్చుకున్నవారు దాని కార్డు చూపి, చేతి యంత్రాన్ని ఛాతీ మీద ఆపి ఉంచవద్దని చెప్పాలి. డాక్టరు ఉత్తరం తనిఖీని తప్పించదు. యంత్రం ఎందుకు మోగిందో వివరించడం వరకే దాని పని, కానీ అనుమానానికీ అర్థం కావడానికీ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క కాగితమే.

ఈ విషయంలో తెలుగువారికి బాగా తెలిసిన ముఖం నాట్యకారిణి, నటి సుధా చంద్రన్‌ది. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యం చేసిన ఆమె జీవితమే సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘మయూరి’ చిత్రానికి ఆధారం. అందులో కథానాయిక కూడా ఆమే. 2021 అక్టోబరులో ఆమె ఒక వీడియోలో, వృత్తిపని మీద విమానాశ్రయానికి వెళ్లిన ప్రతిసారీ కృత్రిమ కాలు విప్పమంటున్నారని, పేలుడు జాడల పరీక్ష చేస్తే చాలదా అని వాపోయారు. సీఐఎస్ఎఫ్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, అసాధారణ పరిస్థితుల్లో తప్ప కృత్రిమ అవయవాలను విప్పించరాదన్నదే నిబంధన అని తెలిపింది. నిబంధన ముందే ఉన్నా దేశమంతా గుర్తుపట్టే నటికే అది అందకపోతే, బచ్చన్నపేట రైతుకు ఎలా అందుతుందన్నది ఆ క్షమాపణలో మిగిలిపోయిన ప్రశ్న.

ఆమె ప్రస్తావించిన పేలుడు జాడల పరీక్షలో అరచేతులనో సంచినో గుడ్డముక్కతో తుడిచి, ఆ గుడ్డను యంత్రంలో పెడతారు. నైట్రేటుల వంటి పదార్థాలు లేశమాత్రం ఉన్నా యంత్రం పసిగడుతుంది. కానీ నైట్రేటులు బాంబుల్లోనే ఉండవు. కొన్ని ఎరువుల్లో ఉంటాయి, ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ గోలీలోనూ అదే రసాయనం ఉంటుంది. బయలుదేరే రోజు పొద్దున పొలంలో ఎరువు చల్లి వచ్చిన చేతులకైనా, గుండె గోలీ పట్టుకున్న వేళ్లకైనా యంత్రం పొరబడే అవకాశం ఉంది. అలాంటప్పుడు కంగారు పడి చేతులు వెనక్కి తీసుకోవడం కంటే, ఎరువు పనో గోలీయో చెప్పి, మళ్లీ పరీక్షించనివ్వడమే దారి.

మందుల విషయంలో ద్రవాల నిబంధన జనం భయపడేంత కఠినం కాదు. ప్రయాణానికి అవసరమైన మందులకూ పసిపిల్లల ఆహారానికీ 100 మిల్లీలీటర్ల హద్దు వర్తించదు, విడిగా తీసి చూపాలి, అంతే. ఇన్సులిన్‌ను, సూదులను చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచుకోవాలి. భయంతో సామాను పెట్టెలో వేస్తే పెట్టె దారి తప్పవచ్చు, లేదా విమానం అడుగుభాగంలోని చలికి మందు గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. పడమరగా పోయేకొద్దీ పగలు సాగుతుంది, సూది వేళలు చెదురుతాయి. వేళల పట్టికను ఊళ్లోనే డాక్టరుతో రాయించుకోకపోతే, ఆకాశంలో ఎవరినీ అడగలేరు.

విమానం పైకి లేచాక తనిఖీ ఆగిపోతుంది గాని, శరీరానికి అసలు పరీక్ష అప్పుడే. క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత స్థాయిలో ఉంచుతారు. ఆరోగ్యవంతుడికి తెలియని ఆ తేడా, రక్తహీనత తీవ్రంగా ఉన్నవారికి, ఊపిరితిత్తుల జబ్బువారికి ఆయాసంగా తెలుస్తుంది. గాలిలో తేమ ఇరవై శాతం లోపే ఉంటుంది కనుక గొంతు ఎండుతుంది. ఇక్కడే పెద్దవయసు స్త్రీలలో తరచూ కనిపించే ఒక అలవాటు ప్రాణం మీదకు తెస్తుంది. ఇరుకు మరుగుదొడ్డి తలుపు ఎలా తీయాలో తెలియక, పక్కవారిని లేపలేక, నీళ్లే తాగకుండా పదహారు గంటలు కూర్చుంటారు. ఒళ్లు ఎండిపోవడం, కాళ్లు కదపకపోవడం కలిసి, కాలి లోతు సిరల్లో రక్తం గడ్డకట్టే స్థితికి దోహదం చేస్తాయి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తికి చేరితే ప్రాణాపాయం. దీర్ఘకాలం కూర్చున్నవారిలో ఈ జబ్బును అమెరికా శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ 1954లోనే వర్ణించాడు. 1977లో దీనికి ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అన్న పేరు పడింది. పేరు తప్పుదారి పట్టించేదే, ఎందుకంటే కూర్చునే తరగతితో దీనికి నిమిత్తం లేదు, బస్సులోనైనా రైల్లోనైనా వస్తుంది. నాలుగు గంటలు మించిన ప్రయాణం ఈ ముప్పును సుమారు రెండింతలు చేస్తుందని, అయినా అది ఆరు వేల మందిలో ఒకరికే వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది.

ఆకాశంలో జబ్బుపడితే సాయం ఉండదన్న భయం నిజం కాదు. అయిదు విమానసంస్థల నుంచి భూమ్మీది వైద్యకేంద్రానికి వచ్చిన పిలుపులను లెక్కించి 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం, సుమారు 604 విమానాలకు ఒక వైద్య అత్యవసరం వస్తోందని, అందులో అన్నిటికంటే తరచుగా కనిపించింది స్పృహ తప్పడమో, తప్పబోవడమో అని, దాదాపు సగం సందర్భాల్లో తోటి ప్రయాణికుల్లోని డాక్టరే ఆదుకున్నాడని చూపింది. అయితే పిలుపు గంట నొక్కితేనే ఆ సాయం వస్తుంది. ఎవరినో ఇబ్బంది పెట్టడమనుకుని నొక్కకుండా కూర్చునేవారు లెక్కల్లోకి రారు.

చక్రాల కుర్చీ గురించి రెండు మాటలు. నడవగలిగినా దూరం నడవలేనివారికీ, మెట్లు ఎక్కలేనివారికీ, అసలు కదలలేనివారికీ విమానసంస్థలు వేర్వేరు గుర్తులతో ఈ సాయం రాసుకుంటాయి. ఇంగ్లిషు రాని తల్లికి దుబాయిలోనో దోహాలోనో గేటు దొరకదన్న భయంతో, కాళ్లు బాగానే ఉన్నా కుర్చీ అడిగే పిల్లలు ఉన్నారు. విమానసంస్థలు దీన్ని దుర్వినియోగమంటాయి, నిజంగా నడవలేనివారికి కుర్చీ ఆలస్యమవుతుంది గనుక ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. కానీ ఆ తల్లికి కావలసింది కుర్చీ కాదు, దారి చెప్పే మనిషి. ఆ సాయానికి విడిగా ఒక గడి పెట్టి అందరికీ తెలిసేలా చెప్పనంతకాలం ఆమె రోగి వేషం వేయక తప్పదు. ఒకవైపు గల్ఫ్ కూలీ జబ్బును దాస్తుంటే, మరోవైపు అమెరికా తల్లి లేని జబ్బును చెబుతోంది. ఇద్దరూ ఒకే వ్యవస్థకు తగినట్టు తమను మలుచుకున్నవారే. కుర్చీ ఉన్నా లేకున్నా, విమానం మారే మధ్యమజిలీలో తనిఖీ మళ్లీ జరుగుతుంది. అమెరికాకు అబూధాబి మీదుగా వెళ్తే 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అక్కడే పూర్తిచేస్తున్నారు గనుక, అలసిన ఒళ్లు నిలబడాల్సిన పొడవైన వరుస సగం దారిలోనే వస్తుంది.

చివరి లెక్క బీమాదీ, గోలీలదీ. గల్ఫ్ కూలీకి, అతడు వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుపై వెళ్తే, ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలతో ప్రమాద మరణానికి 10 లక్షల రక్షణతో పాటు, ఆస్పత్రి ఖర్చుకు కొంత, ఒళ్లు పనికిరాదని తేలితే ఇంటికి తిరిగివచ్చే విమాన ఖర్చు అందులో ఉన్నాయి. ఆ పాలసీ కాగితం మాత్రం చాలామందికి ఏజెంటు సంచిలోనే ఉండిపోతుంది. అమెరికా వెళ్లే తల్లిదండ్రుల చిక్కు వేరు: సందర్శక వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు, సొంత వాడకానికి తెచ్చుకునే మందు మాత్రం మూడు నెలలకు మించకూడదన్నది అక్కడి ఔషధ సంస్థ మార్గదర్శకం. అక్కడి ధరలకు కొనలేక మిగతా మూడు నెలల బీపీ, షుగరు గోలీలను తరువాత వచ్చే ఊరివాళ్ల సంచిలో పంపడం ఇళ్లలో మామూలైపోయింది. అట్టలతో, చీటీతో, రోగి పేరుతో పంపినా మోసేవారు ఆ రోగి కారు; కస్టమ్స్ అధికారి ‘ఇవి మీవేనా’ అని అడిగినప్పుడు అవునన్నా కాదన్నా ఇబ్బందిలో పడేది వాళ్లే.